పంక్తిలో చోటెవరికి?
సైటేషన్ లెక్కల మీద ఒక విమర్శ

ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన జిల్లా ఎడిషన్లలో ఒక వార్త తప్పకుండా పడుతుంది. ఫలానా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ప్రపంచంలోని అత్యున్నత 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు సంపాదించాడని. పక్కన వైస్ చాన్సలర్ శాలువా కప్పుతున్న ఫోటో. మర్నాడు గేటు దగ్గర ఫ్లెక్సీ. ఈ వార్తల్లో ఎప్పుడన్నా మనవాళ్ల పేరు కనిపిస్తే మేమూ ఒకరికొకరం ఫోన్లు చేసుకుని సంబరపడ్డాం. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పేరు పక్కన ఒక అంకె పడి, అది ప్రపంచం మొత్తానికీ వేసిన అంకె అయినప్పుడు, ఇన్నాళ్లూ వెనకాల 'కోటా కేండిడేటు' అని గొణిగిన నోళ్లు ఒక పూటన్నా మూతపడతాయి గదా.

సంబరం అయ్యాక అడగాల్సిన ప్రశ్న మిగిలే ఉంది. ఈ జాబితా రాసిందెవరు? దేన్ని లెక్కబెట్టి రాశారు? కథనీ కవిత్వాన్నీ చదివినట్టే దీన్ని కూడా ఒక రచనగా చదవదలచుకున్నాం. రచన అన్నాక కర్త ఉంటాడు, ఆ కర్తకో చూపు ఉంటుంది. చెప్పినవి ఉంటాయి, చెప్పకుండా దాటేసినవీ ఉంటాయి. అంకెల్లో రాశారు కాబట్టి దీనికి కులం లేదనుకుంటే అది మన అమాయకత్వం.

ముందు వార్తలోని పొరపాటొకటి తీసేద్దాం. 'స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రకటించిన జాబితా' అని మన పేపర్లు రాస్తాయి. అది స్టాన్‌ఫర్డ్ ఇచ్చే బిరుదు కాదు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్, మరికొందరితో కలిసి 2019లో ఒక పద్ధతిని ప్రచురించాడు. లక్ష మందికి పైగా శాస్త్రవేత్తల పేర్లతో ఒక పట్టిక విడుదల చేశాడు. తర్వాత దాన్ని తిరగరాస్తూ వస్తున్నారు. దానికి ముడిసరుకు స్కోపస్ అనే సమాచార నిధి. స్కోపస్ ఎల్సెవియర్ అనే ప్రచురణ కంపెనీది. అంటే జర్నళ్లు అమ్ముకునే కంపెనీయే, ఆ జర్నళ్లలో ఎవరు గొప్పో తేల్చే లెక్కకు సరుకు అందిస్తోంది. ఇంకో సంగతి. అందులో పట్టికలు రెండు. ఒకటి మొత్తం జీవితకాలపు కృషికి, ఒకటి ఒక్క ఏడాదికి. రెంటికీ తేడా చాలా ఉంది. ఫ్లెక్సీ మీద ఆ తేడా ఉండదు.

ఆ లెక్క లోపల ఏముంది? ఆరు కొలతలు. మొత్తం సైటేషన్లు ఎన్ని. హెచ్-ఇండెక్స్ ఎంత. సహరచయితల సంఖ్యను బట్టి సవరించిన మరో ఇండెక్స్ ఎంత. తానొక్కడే రాసిన పేపర్లకు ఎన్ని సైటేషన్లు వచ్చాయి. ఒంటరిగా గానీ మొదటి పేరుగా గానీ ఉన్నవాటికి ఎన్ని. ఒంటరిగా, మొదటి పేరుగా లేదా చివరి పేరుగా ఉన్నవాటికి ఎన్ని. ఈ ఆరింటినీ లాగరిథమ్ లోకి మార్చి, ఒక్కోదాన్నీ అందరిలోకీ ఎక్కువ వచ్చినవాడి విలువతో భాగించి, కూడతారు. రాగల గరిష్ఠం 6. శాస్త్రాలను 22 రంగాలుగా, 174 ఉపరంగాలుగా విడగొట్టి, ఎవరి ఉపరంగంలో వాళ్లకు వరుస సంఖ్య ఇస్తారు. గణితం వాడినీ జీవశాస్త్రం వాడినీ ఒకే తక్కెడలో తూచకూడదన్న జాగ్రత్త ఇది. ఆ మేరకు మెచ్చుకోవాలి.

కానీ ఈ ఆరింటిలో మూడు దేన్ని చూస్తున్నాయో గమనించండి. పేర్ల వరుసలో ఎవరు మొదట, ఎవరు చివర అన్నది. ప్రయోగశాల సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మొదటి పేరు ఎక్కువగా పనిచేసిన పరిశోధకుడిది, చివరి పేరు లాబ్ యజమానిది. మధ్యలో ఇరుక్కున్న పేర్లు ఉంటాయి. వాటికి విలువ తక్కువ. ఇక అసలు ఎక్కని పేర్లు ఉంటాయి. ఊళ్లు తిరిగి నెత్తురు నమూనాలు తెచ్చిన కాంట్రాక్టు ఫీల్డు అసిస్టెంటు, గాజు సామాను కడిగిన అటెండరు, జంతుశాలలో ఎలుకల బోనులు శుభ్రం చేసిన మనిషి. వీళ్ల కులం ఏమిటని మమ్మల్ని అడక్కండి. మీ విశ్వవిద్యాలయంలోనే ఒకసారి చూసి రండి.

అసలు సైటేషన్ అంటే ఏమిటి? ఒక పేపరు రాసేవాడు తనకు ముందు ఫలానా వాడు ఈ సంగతి చెప్పాడని పేరు పెట్టి తలుచుకోవడం. ఉటంకింపు అంటున్నాం తెలుగులో. వీటిని కూడబెట్టి ఒక సూచిక చెయ్యొచ్చని 1955లో యూజీన్ గార్‌ఫీల్డ్ 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. అతనికి దారి చూపింది అమెరికా కోర్టు వ్యవహారం. అక్కడ 1873 నుంచీ షెపర్డ్ అనే ప్రచురణ ఒకటి ఉంది. ఒక తీర్పును తర్వాతి తీర్పులు ఏవేవి ప్రస్తావించాయో అందులో ఉంటుంది. వకీలుకు అది అన్నం పెట్టే సాధనం. గార్‌ఫీల్డ్ దాన్ని శాస్త్రాలకు తెచ్చాడు. 1960ల మొదట్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వచ్చింది. ఒక ఆలోచన ఎక్కడినుంచి ఎక్కడికి నడిచిందో వెతకటానికి పుట్టిన సాధనం అది. వెతికే సాధనం మనుషుల్ని తూచే తక్కెడ ఎట్లా అయిందన్నదే మన ప్రశ్న.

తెలుగులో పంక్తి అంటే రాతలో వరుస. భోజనాల దగ్గర వరుస కూడా. ఎవరి పక్కన ఎవరు కూచోవాలో, ఎవరు అసలు కూచోకూడదో ఈ రెండో వరుసే వేల ఏళ్లుగా తేల్చింది. ఉటంకింపు మొదటి రకం పంక్తి అని చెబుతారు. అది రెండో రకం పని కూడా చేస్తోందని మేం అంటున్నాం. ఎవణ్ని తలుచుకుంటే మనకు గౌరవమో వాణ్నే తలుచుకుంటాం. సమావేశంలో కలిసినవాణ్ని, గైడుకు గైడైన వాణ్ని, రేపు మన పేపరు పరీక్షించబోయే వాణ్ని.

2005లో కాలిఫోర్నియాలో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ కనిపెట్టాడు. కనీసం 10 సైటేషన్ల చొప్పున వచ్చిన పేపర్లు 10 ఉంటే మీ హెచ్ 10. కనీసం 40 చొప్పున వచ్చినవి 40 ఉంటే 40. లెక్క ఎంత సుళువో చూశారా. అందుకే అంత త్వరగా పాకింది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో భౌతిక శాస్త్రవేత్తకు ఉద్యోగం ఖాయం కావడానికి 12, ప్రొఫెసరు కావడానికి 18, జాతీయ అకాడమీ సభ్యత్వానికి 45 అని సుమారు అంకెలు కూడా హిర్షే సూచించాడు. పదిహేనేళ్ల తర్వాత, 2020లో, తాను కనిపెట్టినది ఘోరంగా విఫలం కాగలదనీ, తాను అనుకోని చెడుకు దారితీసిందనీ అతనే రాశాడు. మంచిదే. కానీ ఆ లోపల ఆ అంకె మన సెలక్షన్ కమిటీల బల్లల మీదికి వచ్చి కూచుంది. హిర్ష్ పశ్చాత్తాపం మాత్రం ఇక్కడిదాకా రాలేదు.

ఇక్కడే మా చర్చల్లో గొడవ మొదలైంది. దాచకుండా చెప్పాలి.

మాలో ఒకరు ఒక విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు వెళ్లారు. పదకొండు నిమిషాలు జరిగింది. అందులో సగానికి పైగా మీదే ఊరు, నాన్న ఏం చేస్తారు, మీ గైడు ఎవరు, ఇంగ్లీషు మీడియం ఎప్పట్నుంచి అన్న ప్రశ్నలే. ఆయన తన పేపర్ల ఫైలు బల్ల మీద పెట్టారు. దాని తాడు ఎవరూ విప్పలేదు. కొన్నాళ్లకు ఆ రిజర్వుడు పోస్టు ఎదుట 'అర్హులు దొరకలేదు' అని రాసి వచ్చింది. ఈ రెండు మాటల వెనక ఎన్ని పోస్టులు మురిగిపోయాయో మనకు తెలుసు. ఆయన వాదన ఇదీ: "నా మొహం చూసి వేసే మార్కుకన్నా నా మొహం చూడని మార్కు నాకు మేలు. నా పేరు ముందు అంకె లేకపోతే వాళ్లు నన్ను ఏ లెక్కలోనూ వెయ్యరు. మీరొచ్చి ఆ అంకె కూడా దండగ అంటారేమిటి?"

ఈ మాటకు తేలిగ్గా జవాబు చెప్పెయ్యగల వాళ్లు మాలో లేరు. 2010లో యూజీసీ నిబంధనలతో ఏపీఐ మార్కుల పద్ధతి వచ్చినప్పుడు పెద్దపెద్ద ప్రొఫెసర్లు విద్య గుమాస్తాల పాలైందని వాపోయారు. మేమూ కొంత తల ఊపాం. కానీ అంతకుముందు రాజ్యమేలింది ఏమిటి? నోటి మాట. ఫలానావారి శిష్యుడు, మంచి కుటుంబం, చక్కటి ఉచ్చారణ. మొహం చూడని రాత పరీక్షలో నిలిచి, మొహం చూసే ఇంటర్వ్యూలో పడిపోవడం మన పిల్లలకు అలవాటైన అనుభవం. అందుకని అంకె మీద మనవాళ్లకుండే మక్కువను అజ్ఞానం అనటానికి వీల్లేదు. అది దెబ్బతిన్నవాడు అడ్డుపెట్టుకునే చెయ్యి.

మరి ఆ అంకె నిజంగా మొహం చూడదా? మేఘనాద్ సాహా సంగతి చెప్పుకుంటే కొంత తెలుస్తుంది.

సాహా 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టాడు. సారా వ్యాపారంతో ముడిపెట్టి బెంగాల్ పైకులాలు చిన్నచూపు చూసిన కులం వాళ్లది. ఆయన దళితుడని మేం అనటం లేదు, మనవాడని లాక్కోవటమూ లేదు. కలకత్తాలో ఈడెన్ హిందూ హాస్టల్లో పైకులాల విద్యార్థులు తమ పంక్తిలో ఆయన తినటానికి ఒప్పుకోలేదు. విడిగా తిన్నాడు. ఆ మనిషి 1920లో రాసిన అయనీకరణ సమీకరణం నక్షత్రం వెలుగు చూసి దాని వేడినీ, అది దేనితో తయారైందో కూడా చెప్పే దారి తెరిచింది. 1925లో సిసిలియా పేన్ అనే యువతి ఆ సమీకరణాన్నే పట్టుకుని, నక్షత్రాల్లో ఉన్నది అత్యధికంగా హైడ్రోజనేనని తన సిద్ధాంత గ్రంథంలో తేల్చింది. అది అసాధ్యమని హెన్రీ నోరిస్ రసెల్ అనే పెద్దాయన అంటే, ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని తన చేత్తోనే రాసుకోవలసి వచ్చింది. 1929లో ఆ రసెలే అదే నిజమని ఒప్పుకున్నాడు. చాలాకాలం ఆ ఘనత ఆయన ఖాతాలోనే నడిచింది.

సాహా విషయానికే వద్దాం. 1917లో కాంతి పీడనం మీద ఆయన ఒక వ్యాసం రాసి అమెరికాలోని 'ఆస్ట్రోఫిజికల్ జర్నల్'కు పంపాడు. వ్యాసం పొడుగ్గా ఉంది, అచ్చు ఖర్చులో కొంత మీరు భరిస్తే వేస్తామన్నారు వాళ్లు. ఆ మొత్తం మూడంకెల డాలర్లు. కలకత్తాలో చిన్న జీతగాడు ఎక్కడినుంచి తెస్తాడు? చివరికది కలకత్తా విశ్వవిద్యాలయం సొంత పత్రికలో అచ్చయింది. బయటివాళ్లు చూడలేదు. ఆ ఆలోచన తర్వాత వేరేవాళ్ల పేరు మీద స్థిరపడింది. ఆ సిద్ధాంతానికి మూలకర్తను నేనేనని చెప్పుకోవచ్చు అని సాహా ఏళ్ల తర్వాత ఒక ఉత్తరంలో రాసుకోవలసి వచ్చింది.

డబ్బుల్లేక అచ్చుకాని పేపరుకు సైటేషన్ రాదు. ఇంత చిన్న సంగతి ఏ ఇండెక్సులోనూ కనిపించదు. ఇదంతా వందేళ్లనాటి మాటే గదా అనకండి. ఎవరైనా ఉచితంగా చదువుకునేట్టు పేపరు వెయ్యాలంటే 'నేచర్' పత్రిక 2020 నవంబరులో ప్రకటించిన ధర 9,500 యూరోలు. అప్పటి లెక్కన ఎనిమిది లక్షల రూపాయల పైమాటే. ఫెలోషిప్ మూడు నెలలు ఆలస్యమైతే మెస్ బిల్లు కట్టలేని పరిశోధక విద్యార్థులున్న చోట ఈ అంకె ఎట్లా వినిపిస్తుందో వేరే చెప్పాలా? ఉచితంగా చదవగలిగే పేపరును ఎక్కువమంది చదువుతారు, ఎక్కువ చదివితే ఎక్కువ ఉటంకించే వీలుంటుంది. డబ్బు సైటేషన్‌గా మారే దారి ఇది. మారాక దాని పేరు మెరిట్.

సాహా సమీకరణానికి ఇంకో గతి కూడా పట్టింది. అది ఎంత సొంతమైపోయిందంటే, నేడు వాడేవాళ్లు 1920 నాటి వ్యాసాన్ని ఉటంకించనక్కర్లేదు. పాఠ్యపుస్తకంలో కలిసిపోయింది. కలిసిపోయి కనబడకుండా పోవడమన్న ఈ విషయానికి రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక పేరు కూడా పెట్టాడు. అందరూ వాడేది ఎవరూ లెక్కించనిదవుతుంది. మన ఊళ్లో మొదట చెప్పు కుట్టిందెవరు, తోలు పదును పెట్టడం కనిపెట్టిందెవరు అంటే ఎవరూ చెప్పలేకపోవడం లాంటిదే ఇది. తేడా ఒకటుంది. సాహాకు సమీకరణం పక్కన పేరన్నా మిగిలింది.

ఇప్పుడు దీనికి తిరగవేసి చూద్దాం. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపరు ఏది? సాపేక్షతా సిద్ధాంతం కాదు. డీఎన్ఏ నిర్మాణం కాదు. 1951లో లౌరీ, మరో ముగ్గురు కలిసి రాసిన పేపరు. ఒక ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి. 2014లో 'నేచర్' లెక్కేయించినప్పుడు 3 లక్షల 5 వేలు దాటాయి. అదేమంత గొప్ప పేపరు కాదని తనకు తెలుసుననీ, అయినా ఆ ఆదరణ లోలోపల సరదాగానే ఉందనీ లౌరీయే రాసుకున్నాడు. ఈ విషయం ఎత్తగానే మెరిట్ వాదులు ఏమంటారో తెలుసా? అది 'కేవలం పద్ధతి', అసలు విజ్ఞానం కాదు అంటారు. అంటే లెక్క చేతిపనికి పెద్దపీట వేసిన రోజున లెక్కే తప్పు. సిద్ధాంతానికి వేసిన రోజున లెక్క దైవవాక్కు. 2002లో గోపాల్ గురు 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో సామాజిక శాస్త్రాల గురించి రాస్తూ, సిద్ధాంతం పైకులాల సొత్తుగా, సమాచారం పోగెయ్యటం కిందివాళ్ల పనిగా చీలిపోయిందన్నాడు. ఆ చీలిక సామాజిక శాస్త్రాలకే పరిమితం కాదు. పరీక్షనాళికల దాకా ఉంది.

మన తెలుగువాడి ఉదాహరణ కూడా చూడాలి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించాడు. దశాబ్దాల తరబడి ప్రయోగశాలలన్నీ దాన్ని వాడుకున్నాయి. అచ్చులో వచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్సులో ఉటంకించిన పేపర్లను మొదటి రచయిత పేరు కిందే వేసేవాళ్లు. అంటే ఆ వేల సైటేషన్లు ఫిస్క్ పేరు కింద పడ్డాయి. సుబ్బారావు అనే పేరు కింద వెతికితే ఆ పేపరు తగలదు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లాడు. ఇక్కడ ఆయనది అగ్రకులమే. అక్కడ నల్లవాడు. వరుసలో మొదటి పేరు ఎవరిదన్న ప్రశ్న అగ్రకులాన్ని కూడా సముద్రం దాటాక వదల్లేదు. మన పాఠ్యపుస్తకాలు ఆయనకు జరిగిన అన్యాయానికి కన్నీళ్లు పెడతాయి. అవే కన్నీళ్లు ఊరి లోపల జరిగే దానికి ఎందుకు రావో వాటిని రాసినవాళ్లు చెప్పాలి.

పైన చెప్పిన మెర్టనే 1968లో 'మత్తయి ప్రభావం' అన్న మాట తెచ్చాడు. పేరున్నవాడికే మరింత పేరు దక్కుతుందని, దానికి మత్తయి సువార్త నుంచి పేరు తీసుకున్నాడు. మన పల్లె చర్చిల్లో పాస్టరుగారు ఆ వాక్యాన్ని తలాంతుల కథగా చెబుతారు, కష్టపడమని బోధిస్తారు. మెర్టన్ దాన్ని శాస్త్రవేత్తల లోకానికి పెట్టి చూశాడు. తమాషా ఏమిటంటే, ఆ వ్యాసానికి ఆధారం హారియెట్ జుకర్‌మన్ అనే పరిశోధకురాలు నోబెల్ గ్రహీతలతో చేసిన ఇంటర్వ్యూలు. వ్యాసం మీద ఉన్నది మెర్టన్ పేరొక్కటే. ఇద్దరి పేర్లూ ఉండాల్సిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆడవాళ్ల కృషి మగవాళ్ల ఖాతాలోకి పోవడానికి 1993లో మార్గరెట్ రోసిటర్ 'మెటిల్డా ప్రభావం' అని వేరే పేరు పెట్టింది. కులం ఖాతాలోకి పోయేదానికి ఇంకా అట్లాంటి పేరు కూడా రాలేదు. ఏ పేరు పెట్టాలో మాకొక ఆలోచన ఉంది గానీ, పెడితే మళ్లీ ఎవరో సిద్ధాంతకర్త దాన్ని ఇంగ్లీషులో రాసుకుని సైటేషన్లు పట్టుకుపోతాడు.

లెక్క మొదలవటానికి ముందే లోపలికి ఎవరు వచ్చారన్నది ఉంది. 2023 జనవరిలో 'నేచర్' పత్రిక ఐఐటీలూ ఐఐఎస్సీ వంటి పేరున్న సంస్థల సమాచారం తీసుకుని రాసింది. అక్కడి ప్రొఫెసర్లలో దళితులు, ఆదివాసులు ఒక శాతం కూడా లేరు. రాజ్యాంగబద్ధంగా రావలసింది 15 శాతం, 7.5 శాతం. లాబ్ లేనివాడికి విద్యార్థులుండరు, విద్యార్థులు లేనివాడికి చివరి పేరుగా నిలబడే పేపర్లుండవు. ఆపైన ఆ ఆరు కొలతల్లో వాడు వెనకబడ్డాడంటారు.

ఏ సమస్య మీద పని చేస్తున్నామన్నది ఇంకో మెలిక. అమెరికా ఆరోగ్య పరిశోధనా సంస్థ నిధుల మీద 2011లో ఒక అధ్యయనం వచ్చింది. చదువు, శిక్షణ, ప్రచురణలు సమానం చేసి చూసినా నల్లజాతి శాస్త్రవేత్తలకు నిధులు దక్కే అవకాశం తెల్లవాళ్లకన్నా 10 పాయింట్లు తక్కువ. ఆ తేడాలో ఐదోవంతుకు మించి, వాళ్లు ఎంచుకునే విషయాల వల్ల వస్తోందని 2019లో తేలింది. తమ జనం ఆరోగ్యం, తమ వాడల సంగతులు వాళ్లు ఎంచుకుంటారు. ఆ విషయాలకు డబ్బు రాదు.

ఇది మన దగ్గర ఎట్లా ఉంటుందో చూడాలంటే ఫ్లోరోసిస్ సంగతి చాలు. ఈ జబ్బు ఈ దేశంలో ఉందని 1937లో నెల్లూరు జిల్లా నుంచి రాసిన వ్యాసం 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో వచ్చింది. నల్లగొండ మీద 1955లో సిద్దిఖీ రాసిన వ్యాసం 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వచ్చింది. ఊళ్లలో వంకరపోయిన ఎముకలు అప్పటికే లండన్ చేరాయి. పటికా సున్నమూ వాడి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే 'నల్లగొండ టెక్నిక్' 1970లలో నాగపూర్ సంస్థ నీరీ నుంచి వచ్చింది. జిల్లా పేరు శాస్త్ర సాహిత్యంలో స్థిరపడింది. కానీ మంచినీళ్ల కోసం ఆ జిల్లా జనం ఇంకా ఎన్ని దశాబ్దాలు ధర్నాలు చేశారో మనం చూసిందే. బోరునీళ్లు మానుకుని వేరే నీళ్లు కొనుక్కోలేనివాళ్లెవరో కూడా తెలిసిందే. ఒక శాస్త్రవేత్త తన జీవితమంతా నాలుగు మండలాల నీళ్ల మీద పెట్టాడనుకోండి. అతన్ని ఉటంకించేది ఎవరు? అదే నీళ్ల మీద పనిచేసే మరో పదిమంది. హెచ్-ఇండెక్స్ పది దాటదు. మురుగు కాలువల్లో దిగి ఊపిరాడక చనిపోయేవాళ్ల గురించి, ఆ వాయువుల గురించి పనిచేసేవాడికైనా అంతే. స్థానికంగా అక్కరకొచ్చే పరిశోధనను కాపాడాలని 2015లో లైడెన్ ప్రకటన చెప్పింది. చెప్పినవాళ్లు కొలతల నిపుణులే. వాళ్లకున్నపాటి ఇంగితం మన ర్యాంకుల పిచ్చికి లేకుండా పోయింది.

దొంగ సైటేషన్ల గురించి ఎక్కువ రాయం. తనను తాను ఉటంకించుకునేవాళ్లు, నువ్వు నన్ను తలుచుకో నేను నిన్ను తలుచుకుంటానని ముఠాలు కట్టేవాళ్లు ఉన్నారు. క్లారివేట్ కంపెనీ 2023 జాబితా నుంచి వెయ్యి మందికి పైగా పేర్లు తీసేసింది. గణితంలోనైతే ఆ ఏడాది జాబితానే మానుకుంది. అయొనిడిస్ పట్టికలో స్వీయ ఉటంకింపులను విడదీసి చూపిస్తారు, అది మంచి పనే. కానీ ఈ మోసాల మీద పెట్టే గోలంతా లెక్క శుద్ధి చేస్తే చాలన్నట్టుంటుంది. మా పేచీ మైలపడ్డ లెక్కతో కాదు, మడి కట్టుకున్న లెక్కతో.

మీరు లెక్కలకే వ్యతిరేకులా అని అడుగుతారు. కాదు. ఈ దేశంలో లెక్కబెట్టమని తొంభై ఏళ్లుగా అడుగుతున్నది మేమే. 1931 తర్వాత కులాలన్నిటినీ జనగణనలో లెక్కించలేదు. 2024లో తెలంగాణలో ఇంటింటికీ తిరిగి కులం అడిగితే గుండెలు బాదుకున్నదెవరో పేపర్లలో చూశాం. జనాభా లెక్క ప్రతి మనిషినీ ఒకటిగా లెక్కిస్తుంది. మొదటివాడు చివరివాడు ఉండరు. ర్యాంకు లెక్కలో అట్లా కాదు. ఒకడు పైకి పోవాలంటే ఒకడు కిందికి దిగాలి. మెట్ల మీద మనుషుల్ని పేర్చి, ఒక్కో మెట్టువాడికి కిందివాణ్ని చూసి తృప్తిపడే ఏర్పాటు చేసేది ఇంకోటి కూడా ఉంది. దాని గురించి అంబేద్కర్ చెప్పిన తర్వాత మేం చెప్పేదేమీ లేదు.

అంబేద్కర్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 1936లో 'కులనిర్మూలన' ప్రసంగాన్ని లాహోర్ జాత్-పాత్-తోడక్ మండల్ రద్దు చేస్తే ఆయన దాన్ని సొంత ఖర్చుతో అచ్చేశాడు. 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. ఏ జర్నలూ కాదు, ఎవరూ సమీక్షించి మార్కు వెయ్యలేదు. గుజరాతీ, తమిళం చేసుకుని జనం చదివారు. వాడవాడలా చేతులు మారిన ఆ ప్రతులను ఏ ఇండెక్సు లెక్కిస్తుంది?

చివరిగా మా ఇంటి సంగతి. ఈ వ్యాసం రాస్తూ మా పత్రిక పాత సంచికల అధోజ్ఞాపికలు తీసి చూసుకున్నాం. తలవంపులుగానే ఉంది. గ్రాంసీ, ఫూకో, ఢిల్లీ ప్రొఫెసర్లు నిండుగా ఉన్నారు. జాంబపురాణం మీద మేం వేసిన వ్యాసంలో ఆ కథ పటం విప్పి చెప్పిన డక్కలి పెద్దమనిషి 'ఒక సమాచారదాత' అయ్యాడు. పేరు లేదు, ఊరు లేదు. ఆయన దగ్గర రెండు రాత్రులు కూచుని రాసుకున్నవాడు పేరుతో సహా ఉన్నాడు. అమెరికాలో క్రిస్టెన్ స్మిత్ అనే నల్లజాతి పరిశోధకురాలు 2017లో నల్లజాతి స్త్రీలను ఉటంకించండి అని చొక్కాల మీద అచ్చేయించి ఉద్యమం మొదలుపెట్టింది. మాకు చొక్కాలక్కర్లేదు. ఇకమీదట ఈ పత్రికకు వచ్చే వ్యాసాల్లో కథ చెప్పినవాళ్ల, పాట పాడినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, పుస్తకాలు రాసినవాళ్ల పేర్ల వరుసలోనే ఉండాలి. విడిగా కింద కాదు.

ఈ వ్యాసం చిత్తుప్రతిని ఇంటర్వ్యూ సంగతి చెప్పిన మా మిత్రుడికి చూపించాం. రెండుసార్లు చదివారు. "సాహా సంగతి బాగుంది, ఉంచండి. కానీ నా అప్లికేషన్లోంచి హెచ్-ఇండెక్స్ తీసెయ్యమని మాత్రం అడక్కండి" అన్నారు. మేం అడగలేదు. వచ్చే నెల ఆయనకు మళ్లీ ఇంటర్వ్యూ ఉంది. ఈసారి ఫైలు మీద తాడు కట్టకుండా తీసుకెళ్తానంటున్నారు.